గిండీలో పిడుదుల వేట

బీదర్ జిల్లాలో హుమ్నాబాద్ వైపు దుబల్గుండి అనే ఊరుంది. ఇప్పుడది కర్ణాటకే గానీ 1956 దాకా ఆ నేల హైదరాబాదుతోనే ఉండేది. అక్కడి సంతలో నిలబడితే కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. ఆ పీఠభూమి మీద గొర్రెలమంద ఉన్నచోట కుక్క ఉంటుంది. కుక్క ఉన్నచోట పిడుదులుంటాయి. చెవుల లోపల, మెడ కింద, కాలివేళ్ల సందుల్లో గట్టిగా పట్టుకుని, రక్తం తాగి ఉబ్బి వేలాడుతుంటాయి. కాపరులు తీరిక చిక్కినప్పుడు వాటిని పీకి రాతి మీద నలిపేస్తారు. అది రోజూ ఉండే పనే కాబట్టి పెద్దగా పట్టించుకోరు.

నిన్నటిదాకా తోడేలునైనా ఎదిరించిన మందకుక్క ఒకరోజు ముద్ద ముట్టదు. ఒళ్లు కాలిపోతుంటుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. మర్నాటికో ఆ మర్నాటికో మూత్రం డికాషన్ రంగులో పడుతుంది. ఎండదెబ్బ అంటారు కొందరు. ఎవరో గిట్టనివాళ్లు మందు పెట్టారంటారు ఇంకొందరు. మెడకు తాయెత్తు కడతారు. తరతరాలుగా దక్కన్ ఊళ్లలో కుక్కలు ఇలాగే పోయాయి. చెవిలో వేలాడే ఆ పిడుదును ఎవరూ అనుమానించలేదు.

ఇవాళ బీదర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. కుక్కను తీసుకెళితే చెవి అంచున సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తారు. గాజుపలక మీద పలచగా పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. అంతా కలిపి అరగంట పని. ఆ చుక్కలో ఏం వెతకాలో తెలుసుకోవడానికి మాత్రం మనుషులకు కొన్ని తరాలు పట్టింది. ఆ కథ అమెరికా పచ్చికబయళ్లలో మొదలై, ఆఫ్రికా కొస దాకా పోయి, మన మద్రాసు గిండీలో అసలు మలుపు తిరిగింది. విచిత్రమేమంటే గిండీలో ఆ పని చేసినవాళ్లెవరూ కుక్కల వైద్యులు కారు. వాళ్లు మనుషుల రోగాల కోసం వెతుకుతున్నారు. దారిలో కుక్క ఎదురైంది.

మొదట అమెరికా సంగతి. టెక్సాస్ నుంచి తోలుకొచ్చిన పశువులు ఉత్తరాదికి చేరగానే అక్కడి స్థానిక పశువులు జ్వరపడి, ఎర్రటి మూత్రం పోస్తూ చచ్చిపోయేవి. తమాషా ఏమిటంటే రోగం మోసుకొచ్చిన టెక్సాస్ పశువులు మాత్రం నిక్షేపంగా మేత మేస్తుండేవి. ఇది గోమార్ల (పశువుల పిడుదుల) పనే అని పశువుల్ని తోలేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. చదువుకున్నవాళ్లు విని నవ్వేవారు. పురుగు కుడితే జ్వరం రావడమేమిటని.

1889 ఎండాకాలంలో వాషింగ్టన్ దగ్గర ఒక ప్రయోగ క్షేత్రంలో థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు ఆ నవ్వులాటను పరీక్షకు పెట్టారు. కంచెలు కట్టి పొలాలు విడదీశారు. ఒకదాంట్లో గోమార్లున్న దక్షిణాది పశువుల్ని, ఉత్తరాది పశువుల్ని కలిపి వదిలారు. ఇంకోదాంట్లో దక్షిణాది పశువుల ఒంటి నుంచి గోమార్లన్నిటినీ చేత్తో ఏరిపారేసి, అప్పుడు కలిపారు. మరోచోట దక్షిణాది పశువుల్లేకుండా, ఉత్తరాది పశువులున్న పొలంలో గోమార్లను మాత్రమే చల్లారు. గోమారు ఉన్న ప్రతి పొలంలోనూ రోగం వచ్చింది. ఏరిపారేసిన చోట రాలేదు. అంతకంటే వింత ఆ తరవాత బయటపడింది. ప్రయోగశాలలో గుడ్ల నుంచి పొదిగించిన పిల్లగోమార్లు, జన్మలో ఒక్క రోగిపశువునైనా కుట్టనివి, ఆరోగ్యంగా ఉన్న ఆవుకు రోగం అంటించాయి. తల్లి తాగిన రక్తంలోని విషం గుడ్డు దాకా దిగిందన్నమాట. 1893లో ఈ సంగతంతా అచ్చయింది. పురుగు కాటు ద్వారా సూక్ష్మజీవి ఒక ప్రాణి నుంచి ఇంకో ప్రాణికి చేరుతుందని ప్రయోగంతో రుజువైన తొలి జ్వరాల్లో ఇదొకటి. ఆ సూక్ష్మజీవిని అంతకు ముందే, 1888లో, రుమేనియాలో విక్టర్ బాబెష్ పశువుల ఎర్రకణాల్లో చూసి ఉన్నాడు. ఆయన పేరు మీదే ఆ జాతికి బబీసియా అని పేరు పడింది.

పశువుల్లో ఉన్నది కుక్కల్లో ఉండదా? 1895లో ఇటలీలో పియానా, గల్లీ వలేరియో అనే ఇద్దరు జబ్బుపడిన కుక్కల రక్తంలో అలాంటి ప్రాణినే చూశారు. ఎర్రకణం లోపల కన్నీటిబొట్టు ఆకారంలో రెండేసి జీవులు కొనలు కలుపుకుని కూర్చున్నాయి. శత్రువు దొరికాడు సరే, కుక్క దాకా ఎలా వస్తున్నాడు? పిడుదే అయ్యుండాలని అందరికీ అనిపించింది. అనిపించడం వేరు, చూపించడం వేరు.

ఆ చూపించే భారం ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ కాలనీలో పనిచేస్తున్న చార్లెస్ లౌన్స్‌బరీ నెత్తిన పడింది. ఆయన అమెరికాలో చదువుకుని, పంటల పురుగుల సంగతి చూడమని ప్రభుత్వం పిలిస్తే కేప్ వచ్చిన కీటకశాస్త్రజ్ఞుడు. ఆ ప్రాంతంలో కుక్కలు కామెర్లు వచ్చి కుప్పలుగా చచ్చిపోయేవి. లౌన్స్‌బరీ స్మిత్ దారిలోనే నడిచాడు. రోగమున్న కుక్కల మీద రక్తం తాగిన ఆడ పిడుదుల్ని తెచ్చాడు, గుడ్లు పెట్టించాడు, పిల్లల్ని పొదిగించి ఆరోగ్యమైన కుక్కల మీదికి వదిలాడు. ఆవుల విషయంలో ఇక్కడితో పని అయిపోయింది. కుక్కలకు మాత్రం ఏమీ కాలేదు. పిల్లలు రక్తం తాగి రాలిపోయాయి, కుక్కలు హాయిగా తోకాడిస్తూ తిరిగాయి.

మనమైతే అక్కడ చేతులు దులుపుకునేవాళ్లం. పిడుదు నిర్దోషి అని రాసిపారేసి, దోమనో ఈగనో పట్టుకునేవాళ్లం. లౌన్స్‌బరీ ఆ పని చేయలేదు. రాలిపోయిన పిల్లల్ని ఏరి దాచాడు. ఆరుకాళ్ల పిల్ల కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల యువ పిడుదు అయ్యేదాకా ఆగాడు. దాన్ని మళ్లీ కుక్క మీదికి వదిలాడు. మళ్లీ ఏమీ కాలేదు. అదీ రాలిపోయింది. మళ్లీ దాచాడు. అది రెండోసారి కుబుసం విడిచి పెద్దదయ్యాక మరోసారి కుక్క మీద పెట్టాడు. ఈసారి కుక్క జ్వరపడింది, చిగుళ్లు పాలిపోయాయి, చచ్చిపోయింది. తల్లి తాగిన రోగం గుడ్డులో దిగి, పిల్లలో నిద్రపోయి, యువదశలో నిద్రపోయి, పెద్దయ్యాక లేచింది. 1901లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు.

ఆవుకూ కుక్కకూ ఈ తేడా ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. స్మిత్ చూసిన గోమారు పుట్టాక ఒక ఆవునెక్కితే, పెద్దదయ్యేదాకా దాని మీదే ఉంటుంది. ఇంకో ఆవును చూసే అవకాశం పిల్లగా ఉన్నప్పుడే. కుక్క పిడుదులు మాత్రం ప్రతి దశకూ కిందికి రాలి, ఎక్కడో సందులో కుబుసం విడిచి, మళ్లీ కొత్త కుక్క కోసం కాచుకుంటాయి. పరాన్నజీవి తన వాహనం బతుకుకు తగ్గట్టు తన బతుకు దిద్దుకుంది. ఒకరి జవాబును ఇంకొకరి ప్రశ్నకు అతికిస్తే అతకదని లౌన్స్‌బరీ కుక్కలు నేర్పాయి.

ఇంతలో మన వైపు ఇంకో కథ నడుస్తోంది. దుబల్గుండిని ఏలిన నిజాం రాజ్యంలోనే, సికింద్రాబాదు బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమల పొట్టలు కోస్తూ కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలు కుట్టేలా ఒప్పించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని పొట్ట గోడలో తాను వెతుకుతున్న నల్లటి రవ్వలున్న కణాలు కనిపించాయి. మలేరియా చరిత్రలో ఆ తేదీ అందరికీ తెలిసిందే. మన కథకు కావలసింది ఆ తేదీ కాదు, ఆ పద్ధతి. అంతదాకా పశువుల మీద జరిగిన ప్రయోగాల్లో పురుగు అంటిస్తుందని తేలిందే తప్ప, పురుగు లోపల ఏం జరుగుతుందో ఎవరూ చూడలేదు. రోగం మోసేదాన్ని కోసి, దాని లోపల పరాన్నజీవి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో కంటితో చూడాలన్న పట్టుదల రాస్‌ది. ఆ తరవాత వచ్చిన ఒక తరం వైద్యులకు అదే ఒరవడి అయింది.

ఆ తరంలో ఒకడు శామ్యూల్ రికార్డ్ క్రిస్టఫర్స్. లివర్‌పూల్‌లో పుట్టాడు. ఆఫ్రికాలో, ఇండియాలో మలేరియా కమిషన్‌తో తిరిగి, 1902లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1904లో మద్రాసు శివారు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి డైరెక్టరుగా వచ్చాడు. నేటి ఆంధ్ర జిల్లాలు దాదాపు అన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే కాబట్టి, తెలుగు ఊళ్ల ఆరోగ్యం బాధ్యత కూడా ఆ సంస్థ మీదే ఉండేది.

ఆ రోజుల్లో మద్రాసు వైద్యలోకం కాలా అజార్ అనే మనుషుల జ్వరం మత్తులో ఉంది. 1903లో మద్రాసు ప్రభుత్వాసుపత్రిలో చార్లెస్ డొనొవాన్ ఆ రోగుల ప్లీహంలో వింత కణాలు కనిపెట్టాడు. అంతకు కొద్ది వారాల ముందే అలాంటివే తాను చూశానని ఇంగ్లండు నుంచి లీష్మన్ ప్రకటించాడు. అవి ఏమిటన్న దాని మీద పెద్ద తగువు. మలేరియా కణాన్ని కనిపెట్టిన మహానుభావుడు లావెరాన్, పారిస్‌లో మెస్నిల్‌తో కలిసి వాటిని చూసి, ఇది పశువుల జ్వరం జాతిదే, బబీసియా బంధువే అని తేల్చాడు. అది తప్పుడు తీర్పు. కానీ శాస్త్రంలో కొన్ని తప్పులు ఒప్పులకన్నా ఎక్కువ పని చేయిస్తాయి. కాలా అజార్ బబీసియా బంధువే అయితే బబీసియా గురించి ముందు క్షుణ్ణంగా తెలియాలి. దాన్ని చూడాలంటే దగ్గరగా దొరికేది ఎవరు? మద్రాసు వీధుల్లో పడుకున్న కుక్క. క్రిస్టఫర్స్ కుక్క వైపు తిరగడానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు కనిపించదు.

కేప్‌లో లౌన్స్‌బరీ పట్టిన పిడుదు వేరు, మద్రాసు కుక్కల మీదిది వేరు. మనది గోధుమరంగు పిడుదు. శాస్త్రజ్ఞులు రైపిసెఫలస్ సాంగ్వినియస్ అంటారు. ఆడది వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పొలంలోకంటే ఇంటి గోడ పగుళ్లలో, తలుపు చట్రం సందుల్లో, కుక్క పడుకునే చోట ఎక్కువగా చేరుతుంది. పెద్ద పిడుదు తిండి లేకుండా ఏడాదికి పైగా కాచుకుని ఉండగలదు. అందుకే కుక్క చచ్చాక అదే కొట్టంలో పెట్టిన కొత్త కుక్కపిల్ల కూడా అదే రోగంతో పోతుంటుంది. జనం ఆ చోటు అచ్చిరాలేదంటారు. చోటుది నిజంగానే దోషం, గోడలో దాగున్న దోషం.

క్రిస్టఫర్స్ రాస్ పద్ధతి పట్టాడు. కానీ దోమను కోయడం ఒక ఎత్తు, పిడుదును కోయడం ఇంకో ఎత్తు. దాని ఒంటి తొడుగు బిరుసు. లోపల రక్తం నిండిన పేగు అన్ని మూలలకూ పాకి ఉంటుంది. కొద్దిగా చెయ్యి జారితే పాత రక్తమంతా చింది ఏదీ కనిపించదు. మద్రాసు ఎండలో రంగులు ఆరిపోతుంటాయి. ఆయన గుడ్డు నుంచి పిల్లకు, పిల్ల నుంచి యువ పిడుదుకు, అక్కడినుంచి పెద్దదానికి, దశ తరవాత దశ కోసుకుంటూ పోయాడు. పేగులో గద ఆకారంలో కదిలే జీవులు కనిపించాయి. అవి అండాశయానికి చేరడం, గుడ్లలో ఉండటం, చివరికి లాలాజల గ్రంథుల్లో చేరి కాటుకు సిద్ధంగా నిలవడం ఆయన చూశాడు. 1907లో భారత ప్రభుత్వ వైద్యశాఖ ప్రచురించే సైంటిఫిక్ మెమాయిర్స్‌లో ఆ పరిశోధన వెలువడింది. కేప్‌లో ఊహించి నిరూపించిన ప్రయాణాన్ని గిండీలో కంటితో చూశారన్నమాట.

అదే కుక్కల్లో, అదే పిడుదులో ఇంకో రహస్యం కూడా ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది. ఎందుకంటే దాన్నీ ఆయనే తవ్వుతున్నాడు. అస్సాంలో బెంట్లీ అనే వైద్యుడు కుక్కల తెల్లకణాల్లో ఒక ప్రాణి ఉందని చెప్పాడు. 1905లో సిడ్నీ జేమ్స్ దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. బబీసియా ఉండేది ఎర్రకణంలో. ఇదేమో తెల్లకణంలో, సైన్యపు బారకాసులోనే శత్రువు పడకేసినట్టు, కూర్చుంది. క్రిస్టఫర్స్ దాన్ని కూడా గోధుమరంగు పిడుదులో వెతికి పట్టుకున్నాడు. పిడుదు శరీరంలో అది పెరగడం, పెద్ద పెద్ద సంచుల్లాంటి రూపాలు కట్టడం స్పష్టంగా కనిపించింది. కానీ ఎంత వెతికినా లాలాజల గ్రంథుల్లో మాత్రం కనిపించలేదు. అక్కడ లేకపోతే కాటుతో కుక్కలోకి ఎలా పోతుంది?

ఆ ముడి గిండీలో విడలేదు. 1908లో వాషింగ్టన్‌లో మిల్లర్ అనే ఆయన తెల్ల ఎలుకల మీద పనిచేస్తూ విప్పాడు. ఎలుకల్లో అలాంటి ప్రాణినే మోసే పిడుదు బంధువైన చిన్న పురుగు ఉంది. అది కుట్టి రోగం అంటించదు. ఎలుక తన ఒళ్లు గోక్కుంటూ ఆ పురుగును నమిలి మింగుతుంది. పురుగు పొట్టలోని సంచులు ఎలుక పొట్టలో పగులుతాయి. అంతే. కుక్క కూడా దురద పుట్టిన చోట పళ్లతో కొరుక్కుంటుంది కదా. కుక్క విషయంలోనూ అదే దారి అని తరవాత తేలింది. ఒకే పిడుదు మోసే రెండు రోగాల్లో ఒకదానికి కుక్కను పిడుదు కుట్టాలి, ఇంకోదానికి పిడుదును కుక్క కొరకాలి. మిల్లర్ పెట్టిన హెపటోజోవన్ అనే పేరే చివరికి కుక్కల పరాన్నజీవికీ స్థిరపడింది.

ఇక మద్రాసు హంట్ అనే దొరల వేటబృందం కథ. దొరలకు వేటంటే ప్రాణం. ఇంగ్లండులో ఎర్రనక్కల్ని తరిమే అలవాటును ఇక్కడ మన నక్కల మీద తీర్చుకునేవారు. అందుకోసం మేలుజాతి వేటకుక్కల్ని ఓడల్లో తెప్పించి, మందలుగా సాకేవారు. ఎంత శ్రద్ధగా చూసుకున్నా ఆ సీమకుక్కలు పాలిపోయి, బక్కచిక్కి రాలిపోయేవి. బయట కూడు లేక తిరిగే ఊరకుక్కలు మాత్రం గట్టిగా ఉండేవి. టెక్సాస్ పశువుల కథే ఇది. చిన్నతనంలోనే రోగం తగిలి బతికి బట్టకట్టినవి దాన్ని ఒంట్లో మోస్తూనే తిరుగుతాయి. ఎప్పుడూ చూడనివి మొదటి దెబ్బకే కూలుతాయి.

ఆ వేటకుక్కల రక్తం కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న ప్యాటన్ మైక్రోస్కోపు కిందికి వచ్చింది. ప్యాటన్ కూడా కాలా అజార్ మనిషే. ఆ రోగాన్ని మోసేది నల్లి అని ఆయన గట్టిగా నమ్మాడు. నల్లుల పొట్టల్లో కాలా అజార్ కణాలు పెరగడం చూసి మురిసిపోయాడు. ఆ నమ్మకం చివరిదాకా నిలవలేదు. అందుకే చరిత్ర ఆయన్ని కాస్త చిన్నచూపు చూస్తుంది. కానీ వేటకుక్కల రక్తంలో ఆయన కన్ను చేసిన పని మాత్రం చిన్నది కాదు. ఆ కుక్కల్లో రోగలక్షణాలున్నాయి, కన్నీటిబొట్టు ఆకారపు జంటలు మాత్రం లేవు. బదులుగా ఎర్రకణంలో చిన్న చిన్న ఉంగరాలు, చుక్కలు. వాటిని రంగు మరకలనుకుని వదిలేయడం తేలిక. ప్యాటన్ వదల్లేదు. ఇది వేరే జాతి అన్నాడు. అంతటితో ఆగకుండా ఆ కుక్కలు తరిమే నక్కను కూడా పట్టి దాని రక్తం చూశాడు. అందులోనూ అవే ఉంగరాలు. నక్క తన అడవి జీవితంలో మోసుకుంటున్నదే సీమకుక్కలకు మృత్యువైంది. 1910లో ఆయన దానికి పైరోప్లాస్మా గిబ్సోని అని పేరు పెట్టి ప్రకటించాడు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని బబీసియా గిబ్సోని అంటోంది. జపాన్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో కుక్కల వైద్యులను ముప్పుతిప్పలు పెట్టే ఈ జీవిని మొదట మన మద్రాసు కుక్కల్లోనే చూశారు.

మందు సంగతి కూడా ఆ రోజుల్లోనే కదిలింది. 1909లో కేంబ్రిడ్జిలో నటాల్, హాడ్వెన్ ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగును కుక్కల నరంలోకి ఎక్కిస్తే కన్నీటిబొట్టు ఆకారపు పెద్ద బబీసియా కణాలు మాయమవుతున్నాయని కనుక్కున్నారు. కుక్క కళ్లూ చిగుళ్లూ నీలంగా మారేవి, ప్రాణం మాత్రం నిలిచేది. ఉంగరాల రకం మీద ఆ నీలిమందు పనిచేయలేదు.

ఉంగరాల రకం ఎలా పాకుతుందన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. 1933లో సేన్ అనే పశుశాస్త్రజ్ఞుడు గోధుమరంగు పిడుదే దాన్ని మోస్తుందన్నాడు. తరవాత కథ మళ్లీ గిండీకే వచ్చింది. 1930ల మధ్యలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ పగ్గాలు హెన్రీ షార్ట్ చేతిలో ఉన్నాయి. పంజాబులో పుట్టి, ఇండియాలోనే ఏళ్లకేళ్లు పనిచేసిన వైద్యుడు. ఆయన క్రిస్టఫర్స్ నడిచిన దారినే మళ్లీ మొదటినుంచి నడిచాడు. పెద్ద బబీసియా పిడుదు లోపల తీసుకునే ప్రతి రూపాన్నీ బొమ్మలతో సహా 1936లో ప్రచురించాడు. మరుసటి ఏడాది ఆయన, స్వామినాథ్ అనే భారతీయ వైద్యుడు కలిసి, ఉంగరాల రకాన్ని మోసేది హీమఫైసాలిస్ బైస్పైనోసా అనే మరో పిడుదు అని చూపించారు. గొర్రెల మీద, మేకల మీద, ఆవుల మీద, వాటి వెంట తిరిగే కుక్కల మీద కనిపించే పిడుదు అది. గోడ పగుళ్లది కాదు, గడ్డిలోది. మంద వెంట తిరిగే కుక్కకు దాన్నుంచి తప్పించుకునే దారి లేదు.

స్వామినాథ్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు. 1942లో ఆయన, షార్ట్, ఆండర్సన్ ముగ్గురూ కలిసి అస్సాంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఐదుగురిని ఇసుక ఈగలతో కుట్టించి, కాలా అజార్‌ను మోసేది నల్లి కాదు, ఈ ఈగే అని ఖాయం చేశారు. ఏ ప్రశ్న కోసం క్రిస్టఫర్స్, ప్యాటన్ కుక్కల రక్తం చూడటం మొదలుపెట్టారో దానికి జవాబు అప్పటికి దొరికింది. షార్ట్ 1948లో లండన్‌లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా క్రిమి కాలేయంలో దాక్కునే దశను కనిపెట్టి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అయినా గిండీ కుక్కల పిడుదు ఆయన మనసు వదల్లేదు. 85 ఏళ్లు దాటాక, 1973లో, బబీసియా కానిస్ అనే ఆ పెద్ద బబీసియా జీవితచక్రం మీద మళ్లీ ఒక పెద్ద వ్యాసం అచ్చు వేయించాడు. అప్పటికి క్రిస్టఫర్స్ ఇంకా బతికే ఉన్నాడు. ఆయన 104 ఏళ్లు బతికి 1978లో పోయాడు. షార్ట్‌కూ నూరేళ్లు నిండాయి. పిడుదులు కోసినవాళ్లకు ఆయుష్షు గట్టిదే అనిపిస్తుంది.

అయితే పిడుదు సంచిలో ఇంకో రోగం మిగిలే ఉంది. 1935లో అల్జీరియాలో డొనాషియెన్, లెస్తొకార్ అనే ఇద్దరు పిడుదులు కుట్టిన కుక్కల తెల్లకణాల్లో చిన్న చిన్న గుళికల గుత్తులు చూశారు. ఇది బబీసియా కాదు, హెపటోజోవన్ కాదు, బాక్టీరియా జాతిది. ఇప్పుడు ఎర్లీషియా కానిస్ అంటున్నాం. 1944లో మద్రాసులో ముదలియార్ దక్షిణ భారత కుక్కల్లోనూ అది ఉందని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది యుద్ధం. 1960ల చివర వియత్నాంలో అమెరికా సైన్యపు జర్మన్ షెపర్డ్ కుక్కలు ముక్కుల నుంచి రక్తం కారి చచ్చిపోవడం మొదలైంది. వందకు పైగా కుక్కలు పోయాయి. కాపలాకు, వాసన పట్టడానికి శిక్షణ ఇచ్చిన విలువైన కుక్కలవి. తల బద్దలు కొట్టుకుని వెతికితే చివరికి దొరికింది ఆ అల్జీరియా గుత్తులే. మోసేది మన గోధుమరంగు పిడుదే. పిడుదు కుట్టిన కొద్ది వారాలకు వచ్చే జ్వరం తగ్గిపోయినట్టే తగ్గి, నెలల తరవాత ఎముక మజ్జను దెబ్బతీసి, రక్తాన్ని గడ్డకట్టించే కణాల్ని మింగేస్తుంది. అందుకే అంతకాలం పిడుదుకూ ముక్కు రక్తానికీ ముడి కలవలేదు. ఎప్పుడో కుట్టిన పిడుదును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? బాక్టీరియా కాబట్టి టెట్రాసైక్లిన్ దాన్ని లొంగదీసే మందు అయింది. ఆ వంశంలోని డాక్సీసైక్లిన్ ఇవాళ ప్రతి కుక్కల డాక్టరు బల్ల మీదా ఉంటుంది.

ప్యాటన్ ఉంగరాలు మాత్రం చాలాకాలం మొండికేశాయి. పెద్ద బబీసియాను లొంగదీసిన మందులు దాన్ని అణచేవే గానీ తుడిచేవి కావు. కుక్క కోలుకున్నట్టు కనిపించి, నీరసపడ్డ ఏ రోజునో మళ్లీ పడేది. 2004లో అమెరికాలో బిర్కెన్‌హ్యూర్ బృందం మలేరియాకు వాడే అటోవాక్వోన్‌ను అజిత్రోమైసిన్‌తో కలిపి ఇచ్చి చూస్తే, చాలా కుక్కల రక్తంలో ఆ క్రిమి జాడ పరీక్షకు అందని స్థాయికి పడిపోయింది. కాలా అజార్‌ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కనిపెట్టిన క్రిమి మీద మలేరియా మందే కొంత ఆసరా అయింది.

దాదాపు అదే కాలంలో ఇంకో సంగతి తేలింది. పిడుదుల బెడద లేని చోట్ల కూడా జపాన్‌లో పందేల కుక్కల్లో, అమెరికాలో పిట్‌బుల్ కుక్కల్లో ఈ ఉంగరాల రోగం కనిపిస్తోంది. పరిశీలిస్తే కుక్కల కొట్లాటల్లో ఒకదాని నోటి రక్తం ఇంకోదాని గాయంలోకి చేరుతోందని తెలిసింది. ఇది చదివినప్పుడు నాకు మద్రాసు హంట్ కుక్కలే గుర్తొచ్చాయి. నక్కను తరిమి, మీదపడి, కరిచి చంపే కుక్కలవి. వాటికి పిడుదే రోగం అంటించిందా, నక్క రక్తమే అంటించిందా, రెండూ కలిసి అంటించాయా, ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ప్యాటన్ రెండు చోట్లా ఉంగరాలు చూసి రాసిపెట్టాడు. ఆ రెంటినీ కలిపే దారి పిడుదు ఒక్కటే కాకపోవచ్చని తేలడానికి మాత్రం దాదాపు నూరేళ్లు పట్టింది. ఇప్పుడు పశువైద్యులు ఈ రోగం వచ్చి కోలుకున్న కుక్క నుంచి ఇంకో కుక్కకు రక్తం ఎక్కించరు. రక్తమిచ్చే కుక్క ఎంత ఆరోగ్యంగా కనిపించినా ముందు చెవి అంచున గుచ్చి ఒక చుక్క తీసి చూస్తారు. ఆ చుక్కలో ఏమీ కనిపించకపోయినా ఊరుకోరు, జన్యుపరీక్షకు పంపుతారు.